కొలతగొలుసు వెంట నడచిన ఏలూరివాడు

వినగడపనుండి తిరువూరు చేరిన బాటసారికి 30వ జాతీయ రహదారి తగులును. అది ఒకవంక విజయవాడకును, వేఱొకవంక భద్రాచలము మీదుగా జగదల్పూరునకును పోవును. ఆ తారుబాటపై కార్లలో సాగిపోవువారిలో, ఇట్టి బాటలను తొలుత కాలినడకను కొలిచినవారిని తలచుకొను వారెందఱు? ప్రారంభోత్సవము చేసిన మంత్రి పేరు శిలాఫలకముపై నిలుచును. కొలతగాని పేరు పటముమీద గీతయై పోవును.

అట్టివారిలో కాలిన్ మెకంజీ యొక్కనికి మాత్రము కీర్తి దక్కినది. అతడు స్కాట్లండులోని లూయీ ద్వీపమున పుట్టి, 1783లో చెన్నపట్టణము చేరి, నెల్లూరు గుంటూరు సీమలలోను, నిజాము రాజ్యములోను ఉద్యోగము చేసి, 1815లో భారతదేశమున కంతకును సర్వేయరు జనరలయ్యెను. ఎండయు వానయు లెక్కింపక గుడారములలో బ్రదుకు వెళ్ళబుచ్చిన సంచారప్రియుడు. ఆ శ్రమను కాదనుట న్యాయము గాదు. కాని ఆయనకు దేశభాషలు పట్టుపడలేదు. ఆ సంగతి ఆయనయే యొప్పుకొనియున్నాడు. భాష రాని దొరకు గుడిగోడపై వ్రాత రాతిగీతయే గదా!

ఆ గీతలను పలికించినవాడు కావలి వెంకట బొర్రయ్య. ఏలూరి నియోగి కుటుంబమువాడు. మెకంజీ కొలువున చేరునాటికి మీసకట్టు వచ్చిన పడుచువాడు. 1799లో టిప్పు సుల్తాను పతనమైన పిమ్మట ఆరంభమైన మైసూరు సర్వే నలువది వేల చదరపు మైళ్ళకు వ్యాపించినది. గొలుసు ముందు సాగుచుండగా, బొర్రయ్య ఊరూర కరణములను, పూజారులను, వృద్ధులను కలిసికొని, ఊరి కా పేరెట్లు వచ్చినది, గుడి యెవరు కట్టించిరి, చెరువెవరు త్రవ్వించిరి, మాన్యము లెవరిచ్చిరి అని యడిగెడివాడు. శాసనములకు నకళ్ళు తీసెడివాడు. దొరగారి మనుష్యులు అడుగు ప్రశ్నల వెనుక క్రొత్త పన్ను పొంచియున్నదని నోరు విప్పని వారును కలరు. ఆ శంక నిష్కారణ మనజాలము. కుంపిణీ కొలిచినది చూచి ఆనందించుటకు గాదు గదా!

1803లో, ముప్పదియేండ్లయినను నిండకయే, బొర్రయ్య గతించెను. హిందూ విజ్ఞానమందిర ద్వారము తనకు తెఱచినవాడు ఈ బ్రాహ్మణ యువకుడే యని మెకంజీ తరువాత 1817లో వ్రాసిన లేఖలో కృతజ్ఞతతో చెప్పియున్నాడు.

తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యతను తలకెత్తుకొనెను. 1821లో మెకంజీ మరణించునాటికి పోగైన సంపద యింతంత గాదు: గ్రంథములు 1,568, శాసనముల నకళ్ళు 8,076, నాణెములు 6,218. దీనిని కుంపిణీవారు మెకంజీ భార్యయొద్ద కొనిరి. 1828లో విల్సను పండితుడు పట్టిక ప్రకటించెను. మఱియొక సోదరుడు రామస్వామి 1829లో దక్కను కవుల చరిత్రమును ఇంగ్లీషున అచ్చొత్తించెను. ఏలూరి కుటుంబ మొకటి యింత పని చేసినది.

అంతట లక్ష్మయ్య, అసంపూర్ణముగా నిలిచిన యీ కార్యమును తానే కొనసాగింతునని అర్జీ పెట్టుకొనెను. ముప్పదేండ్ల అనుభవము, పనిలో నలిగిన చేయి. ఇంకేమి కావలెను? కాని 1836లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పక్షమున జేమ్సు ప్రిన్సెపు ఇచ్చిన తీర్పు వేఱు. లక్ష్మయ్యయే గాదు, దేశీయుడెవడును ఇంతటి పనికి చాలడట! అశోకుని లిపిని చదివి మనల ఋణగ్రస్తులను జేసిన ఆ మహాశయుడే యిట్లనుట విచారకరము. పని విలియం టెయిలరు అను మతగురువు చేతికి పోయినది. పోగుచేయుటకు తగినవాడు చదువుటకు తగకపోయెను!

కైఫీయతులు చెదలపాలు గాకుండ బ్రౌనుదొర మరల నకళ్ళు వ్రాయించుటచే తెలుగు గ్రామముల చరిత్ర కొంత మిగిలినది. మెకంజీ పేర నేటికిని పరిశోధనలు జరుగుచున్నవి. ఏలూరిలో కావలి సోదరుల పేర ఒక వీధియైన నుండవలదా?

2020 డిసెంబరులో జగ్గయ్యపేట మండలము తక్కెళ్ళపాటిలో భూముల రీసర్వే ఆరంభమైనది. డ్రోన్లతో, ఉపగ్రహముల సాయముతో గట్లు కొలుచుట సుకరమే. ఆ గట్టున కా పేరెందుకు వచ్చెనో ఆకాశమునుండి కనబడదు. కరణీకములు 1984లో రద్దయినవి. ఆ యిండ్ల అటకలపై పాత దండకవిలెలు మిగిలియున్నచో, తిరువూరు ప్రాంతపు రైతుపెద్దలు ఈ వేసవిలోనే వానిని దింపించి, దుమ్ము దులిపించి, నకళ్ళు తీయింపవలెనని కోరుచున్నాము.