ఆకు రాలాకే తపసిని చూడాలి

మే నెలలో మార్కాపురం నుంచి పెద్దారవీడు మండలం మీదుగా దోర్నాల చేరి, అక్కడి నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కితే నల్లమల కొండంతా ఎండిపోయినట్టే ఉంటుంది. ఈ మోడుల్లో చూసేదేముందని కార్లు మల్లన్న దర్శనానికి ఆగకుండా సాగిపోతాయి. ఆ మోడుల మధ్యే సున్నం కొట్టినట్టు తెల్లగా నిలబడే చెట్టొకటి ఉంది. దాని పేరు తపసి. కొన్నిచోట్ల కోవెల అంటారు.

చెట్ల మధ్య నడిచే బాటలున్న వనం మీద ముఖచిత్ర కథనం కావాలన్నది ఈ వారం సంపాదకుల అప్పగింత. గడువు చూస్తే హైదరాబాద్ కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌తో సరిపెట్టేయవచ్చు. కానీ దేశంలోకెల్లా పెద్దదైన పులుల అభయారణ్యం గడపలో ఉన్న పెద్దారవీడు వాళ్లకు, చెట్లు చూడాలంటే హైదరాబాద్ పొమ్మని చెప్పడం అన్యాయం.

తపసి దగ్గరికి వెళ్తే బెరడు పలచటి కాగితం పొరల్లా లేస్తూ కనిపిస్తుంది. మన్ను నిలవని రాతి వాలులో వేళ్లు బండ సందుల్లోకి దిగి పట్టు బిగిస్తాయి. చలికాలానికి ఆకంతా రాల్చి, బోసి కొమ్మల చివర పచ్చని పసుపు రంగులో చిన్న పూలు పూస్తుంది. తర్వాత అయిదు రెక్కల నక్షత్రంలా ఎర్రటి కాయలు కాస్తుంది. వాటి మీద నూగు చర్మానికి తగిలితే మంట. లోపలి గింజలను మాత్రం వేయించుకు తింటారు.

ఈ అడవిలో బతికే చెంచు గిరిజనులకు ఈ చెట్టు ఇచ్చే అసలు సంపద బంక. మానుకు గాటు పెడితే ఊరి, ఉండలుగా గట్టిపడుతుంది. చేతిలోకి తీసుకుంటే పుల్లటి వాసన, అచ్చం వినిగర్ వాసనే. నీళ్లలో వేస్తే కరగదు, ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. ఆ గుణం కోసమే ప్రపంచం దీన్ని కొంటుంది. కట్టుడు పళ్లను చిగుళ్లకు అతికించే పొడిలో, మలబద్ధకం మందుల్లో, ఆహార పదార్థాలను చిక్కబరచడంలో ఇది ఉంది. విదేశీ ఆహార పొట్లాల మీద ‘ఇ416’ అని ఉంటే అది తపసి బంకే. వానలకు ముందు, మండుటెండల్లో తీసిన బంక మేలైనది. తెల్లగా, బెరడు ముక్కలు లేకుండా ఉంటే ధర ఎక్కువ.

ఈ గిరాకీయే చెట్టు ప్రాణం మీదికి తెచ్చింది. గొడ్డలితో లోతుగా నరికితే బంక ఎక్కువ కారుతుంది, గాయం మాత్రం మానదు. అలా ఎన్నో మానులు చచ్చాయి. బంక కొనే గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ ఉంది. విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్, చిన్న పనిముట్టుతో పైపైన గాటు పెట్టి, చెట్టుకు విశ్రాంతినిస్తూ బంక తీసే పద్ధతిని గిరిజనులకు నేర్పింది. చెట్టూ బతుకుతుంది, సరుకూ శుభ్రంగా వస్తుంది. నల్లమల గురించి బడిపిల్లలకు పులికన్నా ముందు చెప్పాల్సిన కథ ఇది.

ఇక్కడి చెట్లను నమోదు చేసిన చరిత్ర క్లుప్తంగా: మద్రాసు అటవీ శాఖ అధికారి బెడ్డోమ్ 19వ శతాబ్దంలో దక్షిణాది చెట్లను గ్రంథస్థం చేశాడు. అదే శాఖకు చెందిన లషింగ్టన్ 1915లో చెట్ల దేశీయ నామాల పట్టిక అచ్చువేయించాడు. జె.ఎల్. ఎల్లిస్ రాసిన ‘ఫ్లోరా ఆఫ్ నల్లమలైస్’ రెండు సంపుటాలు 1987, 1990లలో వచ్చాయి. ఈ కొండల పేరే పెట్టుకున్న ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా అనే మొక్కకు శాస్త్రీయ నామకరణం చేసిందీ ఆయనే.

ఇంత రాత ఉన్నా, దారిన పోయేవాడికి తపసిని చూపించే పలక ఎంత అవసరమో ఎవరికీ పట్టినట్టు లేదు. పలకలకు పేరుపడ్డ మార్కాపురం పక్కనే ఉంది! సున్నిపెంటలోని అటవీ శాఖ జీవవైవిధ్య కేంద్రంలో మొక్కల నమూనాలను భద్రపరిచారు. ఆ విజ్ఞానం అడవి అంచుకు, ఒక కిలోమీటరు కాలిబాట మీదికి రావాలి. అభయారణ్యం లోపల కాదు, పులి జాడ లేని బయటి వాలులో. కాపలా పనుల్లో చెంచులు ఇప్పటికే అటవీ శాఖకు కళ్లూ చెవులూ. దారి చూపే కొలువు కూడా వాళ్లకే దక్కాలి.

చెట్ల కింద నీళ్లు
పెద్దారవీడులో నల్లమల అనగానే వెలిగొండ ప్రాజెక్టు గుర్తొస్తుంది. సుంకేసుల గ్యాప్ దగ్గర కట్టిన జలాశయానికి కృష్ణా నీళ్లు రావాల్సింది రెండు సొరంగాల ద్వారా, ఒక్కోటి దాదాపు 18.8 కిలోమీటర్లు. పైన పులుల అభయారణ్యం కనుక మధ్యలో ఎక్కడా నిలువు బావులు తవ్వలేదు.

వెళ్లేవాళ్లకు
దోర్నాల–శ్రీశైలం దారిలో తుమ్మలబైలు దగ్గర అటవీ శాఖ జీపు సఫారీ ఉంది. అనుమతి లేకుండా అడవిలోకి నడవకూడదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఘాట్ గేట్లు మూసేస్తారు. తపసితో పాటు రెండేసి ఆకుల జంటలతో ఉండే నారేపనూ, గింజ అరగదీస్తే బురదనీటిని తేర్చే చిల్లనూ చూపించమని అడగండి. తపసి కాయల్ని మాత్రం చేత్తో తాకవద్దు.