క్షమించుట యనగా నేమి?



కల్వకుర్తి ప్రాంతమున బడిపంతులుగా నున్న దినములలో నేనొక తప్పు చేసితిని. ఒక బాలుని పలకను మఱియొకడు కావలెననియే పగులగొట్టెను. బడి విడుచు వేళ, నాకు తొందర. ఏడ్చుచున్నవానితో "క్షమించితి నని చెప్పుము" అంటిని. వాడు నేల చూచుచు చెప్పెను. తగవు తీఱినదని సంతోషించితిని. మఱునాటినుండి వారము దినములు వాడు బడికి రాలేదు. పగిలిన పలక వానిది. క్షమను దానము చేసినది నేను. గ్రామమున తగవులు తీర్చు పెద్దలకు దీనిని చెప్పుట యెందుకనగా, ఈ పొరపాటు పంతుళ్లు మాత్రమే చేయునది కాదు.

క్రైస్తవులకు క్షమ ముఖ్యధర్మము. యేసు నేర్పిన ప్రార్థనలో, తెలుగు మత్తయి సువార్తయందు, క్షమింపవలసినదానికి వాడిన మాట "ఋణము". ఋణత్రయమును గూర్చి చిన్ననాడే చదివికొన్న నాకు ఆ మాట మిక్కిలి నచ్చినది. క్షమించువాడు బాకీ లేదని బొంకడు. ఉన్నదని లెక్క చూపి, పిమ్మట పత్రమును తానే చింపును. నష్టము వాని మూటనుండియే పోవును. కనుక పత్రమెవనిచేత నున్నదో వాడే చింపవలెను. మధ్యస్థునకు ఆ యధికారము లేదు.

అదే సువార్త 18వ అధ్యాయమున నొక కథ కలదు. ఒక దాసుడు రాజునకు 10,000 తలాంతులు బాకీపడెను. దేనారమనగా ఒక దినపు కూలి. తలాంతునకు 6,000 దేనారములు. లెక్కల పంతులును గనుక వేసి చూచితిని: 6 కోట్ల దినముల కూలి! ఏటికి 300 దినములు పనిచేసినను 2 లక్షల యేండ్లు పట్టును. రాజు జాలిపడి అంతయు విడిచిపెట్టెను. ఆ దాసుడే వెలుపలికి పోయి, తనకు 100 దేనారములు బాకీయున్న తోటివాని గొంతు పట్టుకొనెను. నూఱు దినముల కూలి తక్కువ సొమ్మా? పాలమూరి కూలివానికది తెలియును. కథ చెప్పినవాడు చిన్న బాకీని బాకీ కాదనలేదు. పెద్దదాని ప్రక్కన నుంచి చూపెను.

ఇక కథ కాదు, జరిగిన సంగతి. కల్వకుర్తి, నాగర్‌కర్నూలు, వనపర్తి ప్రాంతముల క్రైస్తవులలో పలువురు మెన్నొనైట్ బ్రదరెన్ సంఘమువారు. ఆ సంఘపు అమెరికా మిషనరీలు 1899లో హైదరాబాదు రాజ్యమునకు వచ్చిరి. తరువాత కల్వకుర్తియు వారి కేంద్రములలో నొకటి యయ్యెను. వీరి మతపూర్వికులు 16వ శతాబ్దమున ఐరోపాలో, తెలివి వచ్చిన పిదపనే బాప్తిస్మము పొందవలెనని చెప్పి హింసల పాలైరి. హాలెండు దేశమున ఆస్పెరెన్ పట్టణపు డిర్క్ విల్లెమ్స్ వారిలో నొకడు.

అతడు పట్టుబడకుండ పాఱిపోవుచు గడ్డకట్టిన నీటిపై పరుగెత్తెను. (శీతదేశములలో చలికాలమున నీటిమీద మనుష్యులు నడువగల మంచుపలక యేర్పడును, మన చెఱువులకా బాధ లేదు.) డిర్క్ దాటెను. తరుముచున్న భటుని క్రింద మంచు విఱిగి వాడు నీట పడెను. డిర్క్ వెనుకకు మఱలి వానిని బయటికి లాగెను. బ్రదికిన భటుడు ఇతనిని విడువగోరెను. కాని నగరాధికారి, నీ ప్రమాణము జ్ఞప్తి యుంచుకొమ్మని గద్దించెను. భటుడు పట్టుకొనెను. 1569 మే 16న డిర్క్‌ను సజీవముగా కాల్చిరి.

మఱలి పొమ్మని డిర్క్‌తో ఎవ్వరు ననలేదు. ప్రాణము వానిది, పత్రమును వానిదే. ఆ భటుని మనసులో పుట్టిన దయ కూడ పై యాజ్ఞవలన పుట్టినది కాదు. పై యాజ్ఞ దానిని చంపినది. ఈ వృత్తాంతము చదివినప్పుడు నాకు డిర్క్‌కంటె, తాను నీట దిగక మాట మాత్రము విసరిన ఆ యధికారియే యెక్కువగా జ్ఞప్తికి వచ్చును. బల్లమీద బెత్తము పెట్టుకొని కూర్చున్ననాడు నేనును అట్లే యుంటిని.

ఎనిమిదవనాడు క్రొత్త పలక కొని ఆ బాలుని యింటికి పోతిని. తొందరలో నీ లెక్క వినలేదు, తప్పు నాది, అని వాని తండ్రి యెదుట చెప్పితిని. వాడు పలక తీసికొని లోపలికి పోయెను. మఱునాడు బడికి వచ్చెను. క్షమించితి నని మాత్రము నాతో అనలేదు, నేనును అడుగలేదు.