ఇంట్లో ఆయిల్ మార్పు: కూలి ఆదాయే, పాత చమురే చిక్కు

ఆస్టినాబాద్: కారు ఇంజనాయిల్‌ను ఇంటి ముంగిట స్వయంగా మార్చుకోవడం లాభమా, మెకానిక్‌కు అప్పగించడం లాభమా? ప్రధాన భూభాగంలో ఇది కేవలం డబ్బు లెక్క. దక్షిణ అండమాన్‌లో శ్రీ విజయపురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) పరిసరాలలోని ఆస్టినాబాద్ వంటి చోట మాత్రం ఈ లెక్కలోకి సముద్రం కూడా వచ్చి చేరుతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో 13 శాతం మందికి తెలుగే మాతృభాష. వారి కార్లకు కావలసిన ఆయిల్, ఫిల్టర్లు విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతా రేవుల నుంచి సుమారు 1,200 కిలోమీటర్లు సముద్రం దాటి రావలసిందే. అందువల్ల ఖర్చు తగ్గించుకోవాలన్న ఆలోచన సహజమే.

ఎప్పుడు మార్చాలి?

ఒకప్పుడు మారుతి 800 వంటి కార్లకు ప్రతి 5,000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చేవారు. నేటి పెట్రోలు కార్లలో అనేకం 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు మార్చాలని కంపెనీలు సూచిస్తున్నాయి. దీవిలో ప్రయాణాలు చిన్నవి. రోజుకు 10 కిలోమీటర్లు తిరిగే కారు ఏడాదికి 3,650 కిలోమీటర్లే పోతుంది. అంతమాత్రాన మూడేళ్లు ఆగవచ్చునని భావించడం పొరపాటు. ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోయే ప్రయాణాలలో తేమ, కాలని పెట్రోలు ఆయిల్‌లోనే ఉండిపోయి దాని సత్తువను హరిస్తాయి. కనుక ఇక్కడివారు మీటరు కంటె క్యాలెండరును చూడడమే శ్రేయస్కరం.

ఆదా ఎంత?

ఉదాహరణకు ఒక చిన్న కారుకు 3 లీటర్ల ఆయిల్, ఒక ఫిల్టరు కలిపి రూ.1,600 అవుతుందని అనుకుందాం. ఎవరు మార్చినా ఈ ఖర్చు తప్పదు. మిగిలేది మెకానిక్ కూలి మాత్రమే. అది రూ.300 అనుకుంటే, జాకీ, స్టాండ్లు, పానాలు, ఫిల్టరు విప్పే సాధనం, ఆయిల్ పట్టే పళ్లెం కొనడానికి రూ.3,000 పెట్టినవారికి ఆ సొమ్ము తిరిగి రావడానికి పదేళ్లు పడుతుంది. అమెరికాలో కూలి రేట్లు హెచ్చు గనుక అక్కడ ఈ పని గిట్టుబాటు కావచ్చు. మన దేశంలో ఆ వాదన బలహీనం.

ప్రమాదం సంగతి సరేసరి. జాకీని మాత్రమే నమ్మి కారు కిందికి దూరడం ప్రాణాంతకం. డ్రెయిన్ బోల్టును అతిగా బిగిస్తే అల్యూమినియం ఆయిల్ చాంబరులో మరలు చెడిపోయి, ఆదా చేసినదానికి ఎన్నో రెట్లు వదులుతుంది.

అయినప్పటికీ స్వయంగా చేసుకునేవారి పక్షాన ఒక బలమైన కారణం ఉంది. పోసినది ఏ ఆయిలో, అసలు మార్చారో లేదో వారికి స్పష్టంగా తెలుస్తుంది. మెకానిక్ వద్దకు వెళ్లేవారు కూడా ఈ భరోసాను పొందవచ్చు. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిల్‌ను సీలు డబ్బాతో కొని తీసుకుపోవాలి. పని దగ్గరుండి చూసుకుని, డిప్‌స్టిక్ పరిశీలించి, రసీదు తీసుకోవాలి. ఖాళీ డబ్బాలను నకిలీ సరుకు నింపేవారి చేతికి పోకుండా చిల్లులు పొడిచి పారవేయాలి.

బయటి మెకానిక్ చేయి వేస్తే వారంటీ పోతుందన్న భయం కూడా చాలామందిలో ఉంది. కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు సుమారు రూ.2,544 కోట్ల జరిమానా విధించిన ఉత్తర్వులో, స్వతంత్ర మెకానిక్ వద్దకు వెళ్లినంత మాత్రాన వారంటీ రద్దనే మూకుమ్మడి షరతు కూడదని పేర్కొంది. జరిమానాలపై తదుపరి అప్పీళ్లు నడిచాయి. ఏమైనా వారంటీ కాలంలో షరతులు చదివి, బిల్లులు భద్రపరచుకోవడం మంచిది.

అసలు సమస్య

ఇంతకూ విప్పిన 3 లీటర్ల నల్లని చమురును ఏం చేయాలి? సెంట్రింగ్ చెక్కలకు పూయడం, చెదలు పట్టకుండా గుంజలకు రాయడం మనవారికి తెలిసిన అలవాట్లే. మిగిలినది కాలువ పాలవుతుంది. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసే దక్షిణ అండమాన్‌లో కాలువలో పోసినది సముద్రానికి చేరడానికి ఎంతో కాలం పట్టదు. ఆ చమురులో లోహపు కణాలు, ఇంజనులో పుట్టిన హానికర రసాయనాలు ఉంటాయి. ఒక్క ఆయిల్ మార్పులో వచ్చే పాత చమురు పది లక్షల గ్యాలన్ల, అనగా దాదాపు 38 లక్షల లీటర్ల మంచినీటిని కలుషితం చేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరిస్తోంది.

అదే చమురు సంపద కూడా. సుమారు రెండున్నర లీటర్ల కొత్త లూబ్రికెంటు తీయడానికి 159 లీటర్ల ముడిచమురు కావాలి. పాత చమురైతే 3.8 లీటర్లు చాలునని ఆ సంస్థ లెక్క. ముడిచమురుకు విదేశాలపై ఆధారపడిన మన దేశానికి ఇది చిన్న విషయం కాదు. వాడిన చమురు మన చట్టం దృష్టిలో ప్రమాదకర వ్యర్థం. 2023లో సవరించిన నిబంధనల మేరకు, 2024 ఏప్రిల్ 1 నుంచి దానిని శుద్ధి చేయించే బాధ్యతలో ఆయిల్ ఉత్పత్తిదారులకు, దిగుమతిదారులకు లక్ష్యాలు నిర్ణయించారు. అయితే సీసాలో పట్టిన ఆయిల్ ఇంటి పెరటి నుంచి సేకరణ కేంద్రానికి చేరనిదే ఏ నిబంధనా ఫలించదు.

కాబట్టి ఆస్టినాబాద్‌లో కారు గలవారు మెకానిక్‌ను ఎంచుకునేటప్పుడు కూలి ఎంతని అడగడంతోపాటు, పాత ఆయిల్‌ను డ్రమ్ములో పోసి అధీకృత సేకరణదారుకు ఇస్తున్నాడా అని కూడా విచారించాలి. స్వయంగా మార్చుకునేవారు పాత చమురును నీరు, పెట్రోలు కలవకుండా మూత గల డబ్బాలో పోసి అటువంటి షెడ్డుకే అప్పగించాలి. ఆ ఏర్పాటు లేనివారు పానా పట్టకపోవడమే మేలు. మిగిల్చిన కూలి కొద్దిపాటిదే. పాడైన తీరాన్ని బాగుచేయాలంటే అయ్యే ఖర్చు మాత్రం దీవివాసులందరూ భరించవలసి ఉంటుంది.