రాగిరేకు మీద అసూయ

పిల్లలారా! ఒక కాగితం మీద మీ పేరు రాసి అద్దం ముందు పట్టుకోండి. అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి కదూ! ఇప్పుడు చూడకుండా అలాగే తిరగేసి రాయండి. కష్టంగా ఉందా? సుమారు అయిదు వందల ఏళ్ల క్రితం ఇటలీ దేశపు పనివాళ్లు ఈ పనిని రాగిరేకు మీద చేసేవారు.

ఆ కాలంలో మాంటువా నగర పాలకుల కొలువులో ఆండ్రియా మాంటెన్యా అనే గొప్ప చిత్రకారుడు ఉండేవాడు. ఆయన కల్పించిన అచ్చు చిత్రాల్లో 'సముద్ర దేవతల పోరు' ఒకటి. పూర్వపు గ్రీకు, రోమను కథల్లో సముద్రంలో తిరిగే వింత దేవతలు ఉన్నారు. వారిలో కొందరు పైకి మనుషులు, నడుము కింద చేపలు. ఈ చిత్రంలో వారు ఒకరితో ఒకరు కలబడుతున్నారు. ఒకని చేతిలోని ఆయుధం ఏమిటో తెలుసా? చేపల గుత్తి! వెనుక ఉన్న సముద్రాధిపతి నెప్ట్యూన్ విగ్రహం ఈ గొడవకు వీపు తిప్పి ఉంది.

ఇంతకూ ఈ తగవుకు మూలం ఎవరు? ఎడమవైపున చిక్కి శల్యమైన ఒక ముసలమ్మ పలక పట్టుకొని నిలబడి ఉంది. లాటిన్ భాషలో 'ఇన్విడియా' అంటే అసూయ. పలక మీద ఆ మాటలోని మొదటి అయిదు అక్షరాలు ఉన్నాయి. ఆమే అసూయ!

ఇటువంటి చిత్రాన్ని ఎలా తయారు చేస్తారు? నున్నని రాగిరేకు మీద పదునైన చిన్న ఉలితో సన్నని గీతలు చెక్కుతారు. రేకు నిండా సిరా పూసి, పైపైన తుడిచేస్తారు. గీతల లోతులో మాత్రం సిరా నిలుస్తుంది. తడిపిన కాగితాన్ని దాని మీద పరచి యంత్రంతో గట్టిగా నొక్కితే, ఆ సిరా కాగితానికి అంటుకుంటుంది. అయితే కుడి ఎడమగా, ఎడమ కుడిగా మారిపోతుంది. అందుకే పలక మీది అక్షరాలను రేకుపై తిరగేసి చెక్కాలి. తప్పు గీత పడితే పెన్సిలు గీతలా రబ్బరుతో చెరపడానికి వీలులేదు.

ఇంత శ్రమ ఎందుకు? గోడ మీది చిత్రం ఒక్కచోటే ఉంటుంది. ఒక్క రేకు నుండి మాత్రం ఎన్నో ప్రతులు తీయవచ్చు. అవి ఊరూరూ తిరుగుతాయి. అలాంటి ఒక ప్రతి జర్మనీకి చెందిన ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్‌కు దొరికింది. 1494లో, ఇరవై మూడేళ్ల వయసులో, అతడు దాన్ని కలంతో శ్రద్ధగా చూచి గీశాడు. తరువాత తానే రాగిరేకు చెక్కడంలో మహా నిపుణుడయ్యాడు.

మనకన్నా బాగా చేసేవారు కనబడితే రెండు దారులుంటాయి. ఒకటి ఆ ముసలమ్మ దారి, రెండవది డ్యూరర్ దారి. మీరు ఏ దారిన వెళ్తారు?