ఎపికూరీయులు: మన ప్రసంగాల్లో ఒక పొరపాటు

అపొ. కార్యములు 17:18లో పౌలుతో వాదించిన ఎపికూరీయులను తాగుబోతులుగా, తిండిపోతులుగా మనం చిత్రిస్తుంటాం. నేనూ చాలా ఏళ్లు అలాగే బోధించాను. అది న్యాయం కాదు.

ఎపికూరస్ (క్రీ.పూ. 341-270) ఏథెన్సులో ఒక తోటలో బోధించేవాడు. స్త్రీలకు, దాసులకు సైతం అక్కడ ప్రవేశముండేది. సుఖమే పరమార్థమన్నాడు, నిజమే. అయితే దేహానికి నొప్పి, మనసుకు కలత లేకపోవడమే ఆయన చెప్పిన సుఖం. రొట్టె, నీళ్లతో తృప్తిపడేవాడు. కాస్త జున్ను పంపితే అదే విందు అని మిత్రునికి రాశాడు. ఆ క్షణపు శరీర సుఖాన్ని వెదకమన్నది కురేనేకు చెందిన అరిస్టిప్పస్ శాఖ. 1 కొరింథీ 15:32లోని తిండి, తాగుడు మాట కూడా ఎపికూరస్‌ది కాదు, యెషయా 22:13లోనిది.

అసలు భేదం వేరేచోట ఉంది. మనిషి కలతకు మూలం దేవతల భయం, మరణభయం అని ఆయన నిర్ధారణ. అందుకే దేవతలున్నారు గాని మన జోలికి రారన్నాడు. ఆత్మ కూడా పరమాణువుల కూర్పే, మరణంతో చెదిరిపోతుంది గనుక ఆపైన శిక్ష లేదన్నాడు. అరేయొపగులో పౌలు విందు వినోదాల మాటే ఎత్తలేదు. దేవుడు దగ్గరగానే ఉన్నాడని, తీర్పుకు దినం నిర్ణయించాడని, తాను నియమించిన వానిని మృతులలోనుండి లేపాడని చెప్పాడు. అక్కడే కొందరు అపహసించారు.

మితంగా, మర్యాదగా బ్రతుకుతూ, దేవుడు తన జోలికి రాకుంటే చాలనుకునే సభ్యుడు మన సంఘాల్లోనూ ఉన్నాడు. తాగుడుకు వ్యతిరేకంగా ప్రసంగిస్తే అతడు గట్టిగా ‘ఆమేన్’ అంటాడు.