నిప్పునార్పు వాయువు మారినది – మనమేమి చేయవలెను?

పావగడ తాలూకాలో, ముఖ్యముగా వై.ఎన్. హొసకోట ప్రాంతమున, పట్టు మగ్గమే ఆధారముగా బ్రతుకు కుటుంబములు అనేకము గలవు. ఒక్క నిప్పురవ్వ పడినచో పడుగు, పేక, జరీ, నేసిన చీరలు అన్నియు గడియలో బూడిద కాగలవు. కావున నిప్పునార్పు సాధనములను గూర్చి మన సభ్యులందరును తెలిసికొనుట అవసరము.

ఒకప్పుడు హేలాన్ అను వాయువు ఈ పనికి శ్రేష్ఠమని పేరు పొందినది. చేతి సిలిండర్లలో హేలాన్ 1211, గదినంతటిని నింపు ఏర్పాట్లలో హేలాన్ 1301 వాడెడివారు. గది గాలిలో 1301 నూటికి 5 పాళ్లు కలిసిన చాలు, మంట ఆరిపోవును. సామానుకు తడి గాని మరక గాని అంటదు. అయితే ఇందులోని బ్రోమిను పై ఆకాశమునకు చేరి, ఎండలోని తీక్ష్ణ కిరణములనుండి మనలను కాపాడు ఓజోను పొరను హరించును. అందుచేత 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందము ఇట్టి వాయువులను మాన్పించుటకు పూనుకొన్నది. భారతదేశము 1992లో అందు చేరి, 2000లో నిబంధనలు చేసి, 2010 జనవరి 1 నాటికి హేలాన్ తయారీని మాన్పించినది. విమానముల వంటి కొన్ని చోట్ల మాత్రము పాత నిల్వలనే వాడుచున్నారు.

దాని స్థానమున వచ్చినవానికి ఒక్కొక్కదానికి ఒక్కొక్క చిక్కు గలదు. హెచ్.ఎఫ్.సి. 227 ఓజోనుకు హాని చేయదు. కాని భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు వాయువునకు మూడు వేల రెట్లు మించినది. 2016 నాటి కిగాలి సవరణ ప్రకారము ఇట్టివానిని కూడ క్రమముగా తగ్గించవలసియున్నది. నత్రజని, ఆర్గాన్‌లు నిర్దోషములే గాని, గదిలో నూటికి 40 పాళ్ల వరకు నింపవలెను. సిలిండర్లు ఎక్కువ కావలెను. బొగ్గుపులుసు వాయువు గదినిండ వదలినచో మంటతోపాటు లోనున్న మనిషి ప్రాణమును తీయును.

ముఖ్యముగా గమనింపవలసినది వేరొకటి. ఈ వాయువులు కంప్యూటర్లు, విద్యుత్ పలకలు ఉన్న మూసిన గదులకే తగినవి. తలుపులు, కిటికీలు తెరచియుండు మగ్గపుటింట వాయువు నిలువదు. పైగా నూలు కట్టలలో నిప్పు లోలోపల రగులును. పైమంట ఆరినను, గాలి తగిలిన మరల రాజుకొనును. దానికి నీరే మందు.

కావున సభ్యులకు మా సూచనలివి:

1. నూలు నిల్వయుంచు చోట నీళ్ల తొట్టి, బకెట్లు సిద్ధముగా ఉండవలెను. మంట ఆరిన పిదప కట్టలు బయటకు తీసి, విప్పి, తడుపవలెను.

2. విద్యుత్తు వలన పుట్టిన నిప్పుపై నీరు పోయరాదు. మెయిన్ స్విచ్చి తీసి, ఏ.బి.సి. పొడి సిలిండరు వాడవలెను. పొడి వలన చీర చెడినను ఇల్లు దక్కును.

3. సిలిండరు కొనునపుడు, ఇది ఏ నిప్పుకు పనికివచ్చునని అమ్మువానిని అడుగుడు.

4. పాత సిలిండరుపై 1211 అనిగాని, బి.సి.ఎఫ్. అనిగాని ఉన్నచో, దానిని గాలిలోకి వదలరాదు. పాత ఇనుమువానికి అమ్మరాదు. అగ్నిమాపక కేంద్రమునకు తెలిపి వారి సలహా పొందుడు.

సంఘము ఖర్చుపెట్టు ప్రతి రూపాయి సభ్యుని కష్టార్జితమే. ఖరీదైన వాయువును గూర్చి ఆలోచించుటకు ముందు, మన నీళ్ల తొట్టి నిండియున్నదా లేదా చూచుకొందము.