నల్లాకు లేని పన్ను, నీళ్ల క్యాన్‌కు ఎందుకు?

సైదాబాద్‌లో నల్లా ఉన్న ఇల్లు నీళ్లపై జీఎస్టీ కట్టదు. నల్లా లేని ఇల్లు రిజిస్టరైన ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాన్ కొంటే కడుతుంది. చట్టం చూసేది దాహాన్ని కాదు, సీలును. పైపులో వచ్చినా, సీలు లేకుండా ట్యాంకరులో వచ్చినా పన్ను లేదు. సీలు వేస్తే అది సరుకు. 2018 నుంచి క్యాన్‌పై 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం అయింది.

కరెంటుదీ దాదాపు ఇదే కథ. వాడిన యూనిట్లపై జీఎస్టీ లేదు. రాష్ట్రం వేసే విద్యుత్ సుంకం యూనిట్‌కు 6 పైసలు మాత్రం ఉంది. కానీ కొత్త కనెక్షన్ దరఖాస్తు ఫీజు, మీటరు అద్దె వంటి వాటిపై 18 శాతం వసూలు చేశారు. 2024 అక్టోబరు 10 నుంచే వాటికి మినహాయింపు వచ్చింది. అంటే అన్నేళ్లూ కనెక్షన్ ఉన్నవారి కరెంటుకు పన్ను లేదు, కొత్తగా కావాలన్నవారి దరఖాస్తుకు ఉంది.

సంస్థలు కట్టే పన్ను మాటేమిటి?

ప్రభుత్వ సంస్థ కాబట్టి ఆదాయపన్ను ఉండదని చాలామంది అనుకుంటారు. రాజ్యాంగం 289వ అధికరణం రాష్ట్రం ఆదాయానికి కేంద్ర పన్ను నుంచి మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. అయితే ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ కేసులో 1964లో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: కార్పొరేషన్ వేరే చట్టబద్ధ వ్యక్తి, దాని ఆదాయం రాష్ట్రం ఆదాయం కాదు. విద్యుత్ బోర్డులనైతే 1948 చట్టం 80వ సెక్షనే పన్ను కోసం కంపెనీగా చూడమంది. ఇప్పటి డిస్కం నేరుగా కంపెనీయే. 1989లో ఏర్పడిన జలమండలి లాంటి బోర్డులకు ‘స్థానిక సంస్థ’ పేరిట మినహాయింపు అడిగే దారిని 2002 ఆర్థిక చట్టం మూసింది. పంచాయతీలు, మున్సిపాలిటీలు, జిల్లా బోర్డులు, కంటోన్మెంట్ బోర్డులే ఆ నిర్వచనంలో మిగిలాయి. 2011 నుంచి కేంద్రం విడిగా నోటిఫై చేస్తేనే మిగతా సంస్థలకు మినహాయింపు.

మనకేం సంబంధం?

1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ మండలిలో విద్యుత్ విధానం చూసిన బాబాసాహెబ్ అంబేడ్కర్, చౌక కరెంటు లేనిదే పేదరికం నుంచి బయటపడే దారి లేదని వాదించారు. నేటి మినహాయింపులు, రాయితీలు ఆ దిశలోనివే. కానీ అవన్నీ కనెక్షన్‌ను పట్టుకునే నడుస్తాయి. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్లు జలమండలి ఖాతా నంబరు మీద వస్తాయి. గృహజ్యోతి 200 యూనిట్లు మీటరు మీద వస్తాయి. ఆ రెండూ లేని గుడిసెకు ఉచితం చేరదు, క్యాన్ మీద పన్ను చేరుతుంది.

అందుకే బస్తీలో మొదటి డిమాండ్ రాయితీ పెంచమని కాదు. పట్టా ఉందా లేదా అని చూడకుండా, నివాసం ఉన్న ప్రతి ఇంటికీ నల్లా, మీటరు ఇవ్వాలి. మినహాయింపు పైపులో ప్రవహిస్తున్నప్పుడు, పైపు లేకపోవడమే అసలు పన్ను.